రంగులు కావాలె.. మనిషి వద్దా?

మా ఊర్ల నాటకమాడితే రాజు వేషగానికి దండలు పడేటియి. ఎనక పరద మీద కోట, తోట గీసినోని పేరు ఎవ్వలూ అడగకపోయేది. ఆ పరద కొస పట్టుకోని కూసున్న పోరన్ని నేను. అందుకే లియాన్ బాక్స్ట్ కథ సదివినప్పుడు మనసు గుంజింది.

బాక్స్ట్ 1866ల గ్రోద్నో అనే ఊర్ల, ఒక యూదుల ఇంట్ల పుట్టిండు. ఇప్పుడది బెలారూస్‌ల ఉంది, అప్పుడు రష్యా జార్ పాలన. యూదులు యాడ ఉండాల్నో, యాడ ఉండొద్దో సర్కారే గీత గీసిన కాలం. ఊరవతల వాడలల్ల పెరిగినోళ్లకు ఈ సంగతి ఇడమరిచి చెప్పే పనిలేదు.

సెయింట్ పీటర్స్‌బర్గ్ కళా అకాడమీల చేరిండు. ఏసు కోసం ఏడ్చే మరియ తల్లి బొమ్మ పోటీకి వేసిండు. మరియ యూదు తల్లే గదా, మొఖం గట్లనే గీసిండు. పెద్దలకు నచ్చలే. ఆయన అకాడమీ ఇడిసి బయటికొచ్చిండు.

తర్వాత బ్యాలేకు పరదలు గీసుడు పట్టిండు. బ్యాలేల మాటలుండయి, ఆట, సంగీతమే. స్టేజీ నడుమ ఆడేటోళ్లకు ఖాళీగ ఇడవాలె, ఏదన్న అడ్డమొస్తే కాలు తగులుతది. అందుకే మేడయినా అడివయినా ఎనక ఏలాడే పెద్ద పరద మీద, పక్క పరదల మీదనే గీస్తరు. ముందుగాల చిన్న కాయితం మీద బొమ్మేసి, గళ్లు కొట్టి, ఒక్కో గడిని పెద్దగ జేసుకుంట బట్ట మీదికి ఎక్కిస్తరు.

1910ల దియాగిలెవ్ బృందం ప్యారిస్‌ల షెహరజాద్ ఆడింది. పరదలు, ఆడేటోళ్ల బట్టలు రెండూ బాక్స్టే గీసిండు. పైన పచ్చటి పెద్ద తెర, నడుమ నీలం, కింద ఎర్రటి తివాచీ. ఆడేటోళ్లు కదిలితే బొమ్మే కదిలినట్టుండె. ప్యారిస్ ఆడోళ్లు ఆ తీరు తలపాగలు, సల్వార్లు తొడుగుడు షురూ జేసిండ్రు.

ఒక్కటి దాచను. ఆ ఆటల తూర్పు దేశమంటే అంతఃపురం, బానిసలు, కత్తులే. తనను గీత అవతల పెట్టిన బాధ తెలిసినోడే ఇంకొకళ్లను తమాషగ చూపిచ్చిండు.

1912ల, పేరు యూరపంత మోగుతున్నప్పుడు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌ల యూదునికి ఉండే హక్కు లేదని వెళ్లగొట్టిండ్రు. రెండేండ్లకు, 1914ల, ఒకప్పుడు ఆయన బొమ్మను కాదన్న అకాడమీనే ఆయన్ని సభ్యునిగ ఎన్నుకుంది. బాక్స్ట్ ప్యారిస్‌లనే బతికి, 1924ల సచ్చిపోయిండు.

గుడి గోడకు సున్నమేసినోన్ని గడప తొక్కనియ్యని ఊర్లు మనకు కొత్తనా? తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఈసారి మీ ఊర్ల ఆట అయిపోయినంక స్టేజీ ఎనకకు పోండ్రి. పరద గీసినోని పేరు అడుగుండ్రి. మీతోటి బంతిల కూసోబెట్టుకోని బువ్వ తినుండ్రి.