దారి లేని చోటికి వెళ్లిన తల్లి: మేరీ స్లెస్సర్ జీవితము

ధ్యానభాగములు: అపొస్తలుల కార్యములు 8:26–40, మత్తయి 18:1–5



సమరయలో ఫిలిప్పు పరిచర్య చక్కగా సాగుచుండెను. జనులు గుంపులుగా కూడి వినుచుండిరి. అట్టి సమయమున ప్రభువు అతనిని అక్కడనుండి లేపి, గాజాకు పోవు అరణ్యమార్గమునకు పంపెను. మనమైతే, జనమున్న చోటు విడిచి జనము లేని దారికి పోనేల అని అడిగియుందుము. ఫిలిప్పు అడుగలేదు, లేచి పోయెను. ఆ దారిని ఒక్క రథము వచ్చెను. అందులో ఆఫ్రికా దేశస్థుడొకడు కూర్చుండి గ్రంథము చదువుచు, తెలియజెప్పువారి కొరకు కనిపెట్టుచుండెను. ఆ ఒక్కని కొరకే ఆ ప్రయాణము.

ఆ ఆఫ్రికా ఖండములోనే, ఎవరును పోగోరని దారులను వెదకి వెదకి నడచిన ఒక స్త్రీ జీవితమును ఈ మాసము ధ్యానింతము. ఆమె పేరు మేరీ స్లెస్సర్.

మేరీ 1848వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన స్కాట్లండు దేశమందలి అబర్డీన్ పట్టణములో పుట్టెను. ఏడుగురు బిడ్డలలో ఆమె రెండవది. తండ్రి చెప్పులు కుట్టువాడు. తల్లి నేతపని చేయునది. తండ్రికి త్రాగుడు అలవాటైనందున ఇల్లు గడువక, వారు డండీ పట్టణమునకు వలసపోయిరి. అక్కడ మేరీ 11వ యేట నారబట్టల మిల్లులో పనికి చేరెను. సగము దినము మిల్లులో పని, సగము దినము బడిలో చదువు. 14 ఏండ్లు వచ్చుసరికి ప్రొద్దున ఆరు గంటలు మొదలు సాయంకాలము ఆరు గంటల వరకు మరమగ్గము దగ్గర నిలువవలసివచ్చెను. మగ్గము మీద పుస్తకము ఆనించి, దారము తెగని క్షణములలో చదువుకొనెడిది. శనివారపు రాత్రులు తండ్రి త్రాగి వచ్చునప్పుడు ఆ బాలిక పడిన భయమును త్రాగుడు గల ఇండ్లవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆమె తల్లి భక్తిగలది. దూరదేశపు మిషను సంగతులను పిల్లలకు చదివి వినిపించెడిది. వాటిలో కలబారు అను చోటు మేరీ మనస్సున నాటుకొనెను. అది పశ్చిమ ఆఫ్రికా తీరమున, ఇప్పటి నైజీరియా దేశములో ఉన్నది. 1846లో జమైకా దీవినుండి వచ్చిన ప్రెస్బిటేరియను సేవకులు అక్కడ మిషను స్థాపించిరి. ఆ తీరపు చలిజ్వరము ఎందరో తెల్లవారిని సమాధిచేసెను గనుక, అక్కడికి పోవుటకు ఇష్టపడువారు బహు కొద్దిమంది.

మేరీ మొదట తన పట్టణపు మురికి సందులలోనే సేవ నేర్చుకొనెను. బీదపిల్లలకు సాయంకాలపు తరగతి జరుపుచుండగా, ఒక దినము అల్లరి కుర్రవాండ్రు ఆమెను చుట్టుముట్టిరని చెప్పుదురు. వారి నాయకుడు త్రాటికి కట్టిన సీసపు గుండును ఆమె నొసటికి దగ్గర దగ్గరగా త్రిప్పెను. ఆమె కదలలేదు. కడకు వాడే గుండు దించి, తన గుంపునంతటిని తరగతికి తోడుకొని వచ్చెను. దూరదేశము పోవుటకు ముందు ఆమె ఇంటిప్రక్క వీధికి పోయెను. ఇది మనము గుర్తుంచుకొనవలసిన సంగతి.

1873లో లివింగ్‌స్టన్ దొరగారు ఆఫ్రికా మధ్యభాగమున మరణించిరి. ఆ వార్త విని మేరీ తన్నుతాను మిషనుకు అప్పగించుకొనెను. 1876 ఆగస్టు 5వ తేదీన ఇంగ్లండులోని లివర్పూల్ రేవునుండి ఆమె ఓడ బయలుదేరెను. ఆ ఓడలోనికి సారాయి పీపాలు లెక్కకు మించి ఎక్కించుట ఆమె చూచెను. తన ఇంటిని పాడుచేసిన ఆ త్రాగుడే, సువార్తతో కూడ ఒకే ఓడలో ఆఫ్రికాకు పోవుచుండెను. ఆ తీరమున కనబడిన దుష్టత్వమంతయు అక్కడి ప్రజలదే యనుకొనరాదు. తుపాకులు, సారాయి తెచ్చినవారు తెల్ల వర్తకులు. అంతకు ముందు మనుష్యులను కొని ఓడలకెక్కించినవారును వారే.

మేరీ ఎఫిక్ భాష నేర్చి, ఆ ప్రజలవలె మాటలాడెను. జీతములో చాలభాగము తల్లికిని చెల్లెండ్రకును పంపి, తాను అక్కడివారి దుంపలు, కూరలు తినుచు, వట్టి కాళ్లతో నడచుచుండెను. జ్వరము మాత్రము ఆమెను ఎన్నడును విడువలేదు.

ఆ ప్రాంతమున కవలపిల్లలు పుట్టుట మహా కీడుగా ఎంచబడెను. ఇద్దరిలో ఒకడు దురాత్మకు పుట్టినవాడని నమ్మిరి. ఎవడో తెలియదు గనుక ఇద్దరిని చంపుదురు, లేక అడవిలో పారవేయుదురు. తల్లిని ఊరినుండి వెళ్లగొట్టుదురు. కన్న కడుపుతో, ఖాళీ చేతులతో ఆమె అడవిలో ఒంటరిగా చావవలసినదే. మేరీ ఈ పిల్లలను ఎత్తుకొనివచ్చి పెంచెను. కొందరు దక్కిరి, కొందరు ఆమె చేతులలోనే కన్నుమూసిరి. దక్కినవారిలో ఒక పిల్లకు తన చెల్లెలి పేరు పెట్టి, జేనీ అని పిలిచెను. జేనీ ఆమె కడవరకు ఆమెతోనే యుండెను.

1886లో మేరీ తల్లియు చెల్లెలును కొద్ది నెలల ఎడములో మరణించిరి. ఆమె దుఃఖము గొప్పది. అయినను, ఇక తన నిమిత్తము స్వదేశములో దిగులుపడువారు లేరు గనుక, ఎవరును పోని లోపలి నాటికి పోవచ్చునని ఆమె నిశ్చయించుకొనెను.

ఆ నాడు ఓకొయోంగ్. అక్కడి ప్రజలు పొరుగువారితో ఎడతెగని పగతో నుండిరి. నాయకుడు చనిపోయిన యెడల భార్యలను, దాసులను చంపి అతనితో పాతిపెట్టుదురు. నేరము మోపబడినవారిచేత విషపు గింజలు త్రాగించి పరీక్షించుదురు. కలబారులోని స్నేహితులు వద్దని బ్రతిమాలిరి. ఆమె వినలేదు.

1888 ఆగస్టు మొదటి వారమున, వానలో, కలబారు ప్రాంతపు రాజు ఇచ్చిన దోనెలో ఆమె ఏటిమీద ఎదురెక్కెను. వెంట తాను పెంచుచున్న ఐదుగురు పిల్లలు. దిగిన రేవునుండి ఎకెంగె అను పల్లెకు నాలుగు మైళ్లు అడవి నడవవలెను. చీకటి పడెను. పిల్లలు ఏడ్చుచుండిరి. చంటిబిడ్డను మోసికొని, తక్కినవారిని నడిపించుకొని, బురదలో ఆమె ఆ పల్లె చేరెను. మూటలు మోయువారు చీకటిలో రామని రేవుననే ఆగిపోగా, ఆమె అలసిన కాళ్లతో మరల వెనుకకు పోయి వారిని లేపి తోడుకొనివచ్చెను. సైన్యముతో పోయినచో ఆ గుమ్మములు మూసికొనియుండునేమో. చంకలో బిడ్డతో వచ్చిన స్త్రీకి అవి తెరువబడెను.

ఎకెంగె నాయకుడు ఎదెం. అతని అక్కచెల్లెండ్రలో ఎమె అను విధవరాలు మేరీకి ప్రాణస్నేహితురాలాయెను. ఎవరికైనను ప్రాణాపాయము కలిగినప్పుడు, ఆ ఎమె మందు కావలెనన్న మిషతో ఒక చిన్న సీసాను మేరీ యొద్దకు రహస్యముగా పంపెడిది. అదే వారి గుర్తు. సీసా వచ్చిన వెంటనే మేరీ అడవిదారిన పరుగెత్తును. తెల్లవారు చేసినదే చెప్పుకొనుట లోకరీతి. ఆ ఊరి స్త్రీ చేసిన సహాయమును మనము మరువరాదు.

కొంతకాలమునకు ఎదెం కుమారుడు దూలము మీదపడి చనిపోయెను. మంత్రగాడు ఒక పల్లెవారిమీద నేరము మోపగా, వారిని సంకెళ్లతో కట్టి తెచ్చిరి. మేరీ రాత్రింబగళ్లు వారియొద్ద కావలి కాచెను. చనిపోయిన యువకునికి మంచి బట్టలు కట్టి, గొడుగుతో, అలంకారముతో గౌరవముగా కూర్చుండబెట్టి, తండ్రి దుఃఖమును చల్లార్చెను. బంధింపబడినవారు ఒకరి తరువాత ఒకరు విడువబడిరి. ఆ సమాధిలో మనుష్యులు కాక, ఒక ఆవు మాత్రమే పాతిపెట్టబడెను.

ఆమె పేరుకొనిన వక్త కాదు. తగవులు జరుగు చోట కూర్చుండి, దారముతో అల్లికపని చేసికొనుచు, గంటల తరబడి ఓపికతో వినెడిది. తుపాకులతో తిరుగువారికి కొబ్బరివంటి ఆ నాటి తాళజాతి చెట్ల నూనె అమ్ముకొని వర్తకము చేయుట నేర్పెను. 1892లో ప్రభుత్వము ఆమెను ఆ నాటికి వైసు కాన్సలుగా నియమించెను. ప్రజలు మాత్రము ఆమెను మా అని పిలిచిరి. వారి భాషలో దానికి తల్లి అని అర్థము.

ఈ సేవకు ఆమె చెల్లించిన వెల తక్కువ కాదు. చార్లెసు మారిసన్ అను యువ మిషనెరీ ఉపాధ్యాయునితో ఆమెకు వివాహము నిశ్చయమాయెను. అతడు ఓకొయోంగునకు వచ్చి పనిచేయవలెనని ఆమె కోరెను. అతని ఆరోగ్యము మంచిది కాదని మిషను పెద్దలు ఒప్పుకొనలేదు. ఆమె ఆ ప్రజలను విడువలేదు, వివాహము విడిచెను.

ఫలమా? 15 ఏండ్లు కష్టపడిన పిమ్మట, 1903లో, ఓకొయోంగులో మొదటి ప్రభురాత్రి భోజనము జరిగెను. బల్లయొద్దకు వచ్చినవారు కొద్దిమంది యువజనులే. లెక్కలు చూచువారికి అది స్వల్పము. అయితే పదునైదేండ్లకు పూర్వము ఆ నాట కవలపిల్ల బ్రతుకుటయే లేదు.

అప్పటికి ఆ నాడు నెమ్మదిపొంది, దారులు పడెను. ఇక ఆమె విశ్రమించవచ్చును. కాని మేరీ ఇంకను లోపలికి చూచెను. ఒకప్పుడు దాసులను అమ్మిన ఇటు అను చోటికిని, అరోచుకు వైపునకును వెళ్లి, బడులు, ప్రార్థన గుడిసెలు కట్టించెను. నడువలేని దినములు వచ్చినప్పుడు చక్రముల బండిలో కూర్చుండి, పిల్లలు లాగుచుండగా పల్లెలకు పోయెను. 1915 జనవరి 13వ తేదీన, ఉసె అను పల్లెలో, తాను పెంచిన బిడ్డల నడుమ ఆమె నిద్రించెను. ఆమెకు 66 ఏండ్లు. కలబారులో ఆమె సమాధి యున్నది. 1997లో స్కాట్లండు బ్యాంకొకటి తన పది పౌండ్ల నోటుపై ఆమె బొమ్మ వేసెను. చిన్ననాడు కాసుల కూలికి మగ్గము దగ్గర నిలిచిన బిడ్డ ఆమెయే.

ప్రియులారా, వింత చూచుటకు దూరము పోవువారు అనేకులు. చూచి తిరిగివచ్చి చెప్పుకొందురు. మేరీ చూచుటకు పోలేదు, ఉండుటకు పోయెను. దారి లేని చోట ఉండెను. దారి పడిన తరువాత, దారి లేని మరియొక చోటికి పోయెను.

మనలో చాలమంది సముద్రము దాటము. అయితే వాన కురిసిన మీదట బండి పోని పల్లె మన సంఘములలో దేనికి దగ్గర లేదు? ఊరివారు వెలివేసిన స్త్రీ, ఎవరును ఎత్తుకొనని బిడ్డ, త్రాగుబోతు ఇంటిలో బెదరిన పిల్ల మన వీధిలోనే లేరా? పండుగనాడు నిండిన గుడికి పోవుట సులభము. ఆ గుమ్మమునకు ఈ వారమే పోవుదమా?

ప్రార్థన: ప్రభువా, జనము లేని దారికి నీవు పంపినప్పుడు ఎందుకని అడుగక లేచిపోవు మనస్సు మాకిమ్ము. ఎవరును చేర్చుకొనని బిడ్డను నీ పేరట చేర్చుకొను చేతులు మాకిమ్ము. ఆమేన్.