ఇసుకలో అక్షరములు – క్యాంబెల్ దొర

బళ్లారి కలెక్టరులుగా వచ్చిన దొరలలో పలువురి పేర్లు శిస్తు లెక్కలతోనే మాసిపోయినవి. అలెగ్జాండరు డంకన్ క్యాంబెల్ పేరు మాత్రము మన ప్రాంతపు పసిపిల్లల అక్షరాభ్యాసముతో ముడివడి నిలిచినది.

ఆయన తెలుగు బాగుగా నేర్చినవాడు. 1816లో చెన్నపట్టణమున తెలుగు వ్యాకరణమును ఆంగ్లభాషలో ప్రకటించెను. తెలుగు, కన్నడము, తమిళము ఒక్క కుటుంబమునకు చెందినవని ఎల్లిస్ దొర నిరూపించిన వ్యాసము ఆ గ్రంథముతోనే వెలువడినది. 1821లో నిఘంటువును గూడ వెలువరించెను.

1822లో గవర్నరు మన్రో అన్ని జిల్లాల బడుల లెక్కలు కోరెను. పెక్కుమంది కలెక్టరులు పట్టికలు నింపి ఊరకుండిరి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదికలో బడి లోపలి సంగతులన్నియు కలవు. నాటి బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందు బాలికలు 60 మందియే. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226.

అయిదవ యేట వినాయకుని ముందు గురువు బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో వ్రాయించుచుండెను. మరునాటి నుండి బడిలో ఇసుకయే పలక. అక్షరములను నోట వల్లించుటకు మారుగా వ్రేలితో దిద్దియే నేర్చుచుండిరి. చేయి తిరిగిన పిదప తాటాకుపై గంటము, కాగితముపై కలము, లేదా బొగ్గుపొడి పూసిన చెక్కపలకపై బలపము. గంజితో బిరుసెక్కించిన గుడ్డను పుస్తకమువలె మడచి, బొగ్గును జిగురును పూసి కడితము చేయుచుండిరి. తడిగుడ్డతో తుడిచిన వ్రాత పోవును. తరువాత గుణింతములు, పిమ్మట మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు. ప్రొద్దున మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. మూడవవాడు మొదలు ఆలస్యముగా వచ్చినవారికి వరుసగా దెబ్బలు పెరుగును. ఈ రెండవ ఆచారము పోవుటయే మేలు!

ఇంత తక్కువ వ్యయముతో వ్రాత నేర్పు విధమును, పెద్ద విద్యార్థులు చిన్నవారికి చెప్పు పద్ధతిని క్యాంబెల్ మిక్కిలి మెచ్చుకొనెను. కాని ఒక లోపమును దాచలేదు. పుస్తకములన్నియు పద్యములు, వాడుక మాటకు దూరమైనవి. ఇరు భాషల లిపి ఒక్కటియే గనుక ఒకటి వచ్చినవాడు రెండవదియు చదువగలడు, అర్థము మాత్రము తెలియదని ఆయన గ్రహించెను. ఇంట నొక భాష, బడిలో నొక భాషయైన పసివానికి ఈ చిక్కు ఎట్టిదో మన తల్లిదండ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు.

సీమబట్టల రాకతో నేతపని చెడి, బీదలు లేత పిల్లలను బడి మాన్పించి పనికి పంపుచున్నారనియు, బడులకు సర్కారు పోషణ లేదనియు ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. 1826లో మన్రో తహశీలునకొక సర్కారు బడి ఉండవలెనని ప్రతిపాదించెను. మరుసటి యేట పత్తికొండలో మరణించెను.