ఐదు వందల ఎకరాలు ఇచ్చిన రావి నారాయణరెడ్డి గారు

ఈసారి గోడ పత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు సార్ చెప్పారు. గాంధీజీ, అంబేద్కర్, కొమురం భీం పేర్లు అందరూ ముందే రాయించుకున్నారు. నాకు ఎవరూ మిగల్లేదు. కోదాడలో మిర్యాలగూడ బస్సు ఎక్కి ఇంటికి పోయేటప్పుడు హుజూర్‌నగర్ రాకముందు చిలుకూరు అనే ఊరు వస్తది. 1941లో అక్కడ ఆంధ్ర మహాసభ జరిగిందని, దానికి అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి గారని సోషల్ సార్ చెప్పినారు. ఎన్నిసార్లో ఆ ఊరి మీదుగా పోయినాను గానీ నాకు ఆ సంగతే తెలియదు. అందుకే ఆయన గురించే రాస్తున్నాను.

ఆయన 1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో పుట్టారు. వాళ్లది భూస్వాముల కుటుంబం. తినడానికి, కట్టడానికి ఏ లోటూ లేదు. హైదరాబాదులో చదువుకుంటూ, 1930లో చదువు వదిలేసి ఉప్పు సత్యాగ్రహానికి కాకినాడ పోయినారు. తరువాత హరిజన సేవక సంఘంలో పనిచేశారు. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు మీద నిజాం నిషేధం పెడితే, సత్యాగ్రహం చేసిన మొదటి జట్టులో ఈయన ఉన్నారు. జైలుకు పోయివచ్చిన తరువాత కమ్యూనిస్టు అయినారు.

ఆ రోజుల్లో మన దిక్కు భూములు ఎవరి చేతిలో ఉండేవో తెలిస్తే మీరు నమ్మరు. సూర్యాపేట దేశ్‌ముఖుకు 20 వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు తన పుస్తకంలో రాశారు. లక్షన్నర ఎకరాలు! మా తండా అంతా కలిపినా ఎన్ని ఎకరాలని? భూమి దొరదైతే తక్కినవన్నీ దొరవే అవుతయి. గొల్లవాళ్లు గొర్రెను ఊరికే ఇవ్వాలి. గీతవాళ్లు కొన్ని చెట్ల కల్లు దొర ఇంటికే పోయాలి. దుకాణందారు దొర చెప్పిన ధరకే సామాను ఇవ్వాలి. విత్తనాలకు గింజలు కావాలంటే నాగుకు తేవాలి. నాగు అంటే ఒక బస్తా తెస్తే పంట మీద ఒకటిన్నర బస్తా తిరిగి కట్టడం. యుద్ధం వచ్చినాక లెవీ కూడా తోడయింది. సర్కారు వారు చిన్న రైతు గాదె ఊడ్చుకుపోయేవారు, దొర గాదె దగ్గరికి పోయేవారు కాదు.

చిలుకూరుకు ముందు ఆంధ్ర మహాసభ అంటే ఎక్కువగా తెలుగు భాష, గ్రంథాలయాలు, బడులు. అవీ కావలసినవే. కానీ చిలుకూరు నుంచి వెట్టి, కౌలుదారుల హక్కులు, రైతుల బాధలు ముందుకు వచ్చాయి. 1944లో భువనగిరి సభకు కూడా నారాయణరెడ్డి గారే అధ్యక్షులు. అక్కడ సభ రెండుగా చీలింది. ఊళ్లల్లో మాత్రం జనం దాన్ని ఒక్క మాటలో సంగం అనేవారు. 1947 సెప్టెంబరులో ఆయన, బద్దం ఎల్లారెడ్డి గారు, మఖ్దూం మొహియుద్దీన్ గారు కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

పోరాటంలో 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచినట్టు పార్టీ లెక్క. మొదట 500 ఎకరాలు దాటిన భూమినే పంచాలన్నారు, తరువాత 200, చివరికి 100కు దించారు. ఇది చదివి మా గదిలో అందరం నవ్వుకున్నాం. 500 ఎకరాలు ఉంచుకోవడం కూడా ఒక హద్దేనా అని! మన లంబాడీలు కూడా ఆ పోరాటంలో ఉన్నారు. ధర్మాపురం ఠానూ నాయక్ అందులోనే ప్రాణం ఇచ్చినాడు.

నారాయణరెడ్డి గారు ఊరివాళ్లకు చెప్పి తాను తప్పించుకోలేదు. తన సొంత భూమి 500 ఎకరాలు పేదలకు పంచారు. ఇంకొక సంగతి. 1948లో ఇండియా సైన్యం వచ్చి నిజాం లొంగిపోయిన తరువాత, ఇక తుపాకులు దించాలని ఆయన అన్నారు. తోటివాళ్లు చాలామంది తప్పుపట్టారు. అయినా తన అభిప్రాయాన్ని రాసి బయటపెట్టారు. పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. ఎవరిది ఒప్పో నాకు చెప్పరాదు. కానీ అంతమంది చనిపోతుంటే తనవాళ్లకే ఎదురు చెప్పడానికి ధైర్యం కావాలని నాకనిపిస్తది.

1952 ఎన్నికల్లో నల్లగొండ జనం ఆయనను పార్లమెంటుకు పంపారు. మూడు లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి, నెహ్రూ గారికి వచ్చినవాటి కంటే ఎక్కువ. 1962లో మళ్లీ గెలిచారు. 1991లో కాలం చేశారు. ఆ మరుసటి సంవత్సరం ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆయన దగ్గరి చుట్టం వెదిరె రామచంద్రారెడ్డి గారు కూడా భూమి ఇచ్చినారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే గారు అడిగితే 100 ఎకరాలు ఇచ్చినారు. భూదానం అక్కడే మొదలైంది. తరువాత వినోబా గారు గ్రామదానం అన్నారు. అంటే భూమి ఊరి పేరున ఉంటది, దున్నేవాళ్లు దున్నుకుంటరు, బయటివాళ్లకు అమ్మరాదు.

ఈ అమ్మరాదు అన్న మాట దగ్గర నేను ఆగిపోయినాను. మా తాతకు సర్కారు ఇచ్చిన రెండెకరాలు ఉండె. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే భూమి. మా మేనత్త పెళ్లికి దాన్ని సాదా బైనామా మీద అమ్మినాడట. అట్లా ఇచ్చిన భూములు అమ్మకూడదని, కొనకూడదని 1977లో చట్టం చేశారని సార్ చెప్పినారు. మా తాతకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా పెళ్లి ఆగుతదా? ఇప్పుడు మా బాపు అక్కడికి దగ్గర్లోనే కౌలుకు వరి వేస్తడు. ఎరువు, మందులు ఒక్క దుకాణంలోనే ఉద్దెర తెస్తడు. పక్క దుకాణంలో తక్కువకు దొరికినా కొనలేడు, ఉద్దెర ఇచ్చేది ఈయనే కదా. వడ్లు కూడా ఆయన చెప్పిన తావుకే తోలాలె. నాగు గురించి చదువుతుంటే నాకు ఆ దుకాణమే యాదికొచ్చింది.

దసరా సెలవుల్లో తాతను అడిగిన, ఆ రెండెకరాలు తండా అందరి పేరున ఉంటే అమ్మేవాడివా అని. తాత చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు పెళ్లికి పైసలు తండా అంతా కలిసి ఇచ్చేదా అని నన్నే అడిగిండు. నేను జవాబు చెప్పలేకపోయిన. మీలో ఎవరికైనా తెలిస్తే పక్క కాగితం మీద రాయండి, సంక్రాంతికి పోయినప్పుడు చదివి వినిపిస్త.

– పదవ తరగతి విద్యార్థిని