లైబ్నిజ్‌కీ వచ్చిన సందేహం

పిల్లలూ, మన బడిలో అచ్చులు, హల్లులు, గుణింతాలు దిద్దిన చాలామంది ఇప్పుడు హైస్కూల్లో కాలిక్యులస్ చదువుతున్నారు. తెలుగు క్లాసు అయిపోయాక, అమ్మానాన్నలు వచ్చేలోపు ఆ పుస్తకం తెరిచి మమ్మల్ని లెక్కలు అడుగుతుంటారు. ఏటా ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. రెండు ప్రమేయాలను కూడినప్పుడు వాటి డెరివేటివ్‌లను కూడితే సరిపోతుంది కదా, మరి గుణించినప్పుడు డెరివేటివ్‌లను గుణిస్తే ఎందుకు తప్పవుతుంది అని. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఆ నియమాన్ని మొదట అచ్చులో పెట్టిన మహానుభావుడికే ఒకనాడు ఈ సందేహం వచ్చింది. ఆయన పేరు గాట్‌ఫ్రీడ్ విల్‌హెల్మ్ లైబ్నిజ్. ఈసారి సంచికలో ఆయన కథ చెప్పుకుందాం.

లైబ్నిజ్ 1646 జులై 1న జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో పుట్టాడు. తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం బోధించే ఆచార్యుడు. కొడుక్కి ఆరేళ్ళు నిండీ నిండకముందే ఆయన చనిపోయాడు. ఆస్తి సంగతి ఎలా ఉన్నా, ఇంటినిండా పుస్తకాలు మిగిలాయి. ఆ పిల్లవాడు ఆ గదిలో కూర్చుని, బొమ్మలున్న ఒక లాటిన్ చరిత్ర పుస్తకం ముందు పెట్టుకుని, బొమ్మను చూసి కింద మాటకు అర్థం ఊహిస్తూ తనంతట తానే లాటిన్ నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్ళకే విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇరవై ఏళ్ళకు న్యాయశాస్త్రంలో డాక్టరేటు అడిగితే లైప్‌జిగ్ వారు ఇవ్వలేదు. వయసు చిన్నది కావడమే కారణమంటారు. అలిగి కూర్చోకుండా ఆయన ఆల్ట్‌డార్ఫ్ అనే ఊరికి వెళ్ళి అక్కడ ఆ పట్టా తెచ్చుకున్నాడు.

అప్పటికి ఆయనకు వచ్చిన గణితం తక్కువే. 1672లో ఆయన రాజకీయ పని మీద పారిస్ వెళ్ళాడు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ దృష్టిని ఐరోపా యుద్ధాల నుంచి ఈజిప్టు వైపు మళ్ళించాలని ఆలోచన. ఆ పని కాలేదు కానీ అక్కడ హైగెన్స్ అనే గొప్ప శాస్త్రవేత్త గురువుగా దొరికాడు. ఆయన శిష్యుడికి ఒక లెక్క ఇచ్చాడు: 1, మూడో వంతు, ఆరో వంతు, పదో వంతు, పదిహేనో వంతు... ఇలా అంతం లేకుండా కూడుతూ పోతే ఎంత వస్తుంది?

లైబ్నిజ్ ఒక ఉపాయం పట్టాడు. 1 అంటే 2లోంచి 1 తీసేస్తే వచ్చేది. మూడో వంతు అంటే 1లోంచి మూడింట రెండు తీసేస్తే వచ్చేది. ఆరో వంతు అంటే మూడింట రెండులోంచి నాలుగింట రెండు తీసేస్తే వచ్చేది. ఇలా ప్రతిదాన్నీ ఒక తీసివేతగా రాస్తే, ఒకచోట తీసేసింది పక్కచోట తిరిగి వచ్చి రద్దయిపోతుంది. చివరికి జవాబు 2. కూడికా తీసివేతా ఒకదాన్నొకటి విప్పే ముడులని ఆయనకు అక్కడ బోధపడింది. కాలిక్యులస్ అంతటికీ విత్తనం అదే.

మనకు సంతోషం కలిగించే ముచ్చట ఒకటి. వృత్తానికి సంబంధించిన పై విలువలో నాలుగో వంతును 1, మూడో వంతు, ఐదో వంతు, ఏడో వంతులను ఒకటి విడిచి ఒకటి తీసివేస్తూ, కూడుతూ రాబట్టే పద్ధతిని లైబ్నిజ్ పారిస్‌లో ఉండగానే కనుక్కున్నాడు. అదే శ్రేణిని అంతకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే కేరళలో సంగమగ్రామానికి చెందిన మాధవుడు కనుక్కున్నాడు. అందుకే ఇప్పుడు దాన్ని మాధవ-లైబ్నిజ్ శ్రేణి అంటున్నారు.

ఇక అసలు సంగతికి వద్దాం. 1675 అక్టోబరు 29న లైబ్నిజ్ తన కాగితాల్లో మొత్తానికి గుర్తుగా ఎస్ అక్షరాన్ని నిలువుగా సాగదీసి రాశాడు. మీరు ఇంటెగ్రల్ అని గీసే గుర్తు అదే. త్వరలోనే చిన్న తేడాకు గుర్తుగా డి అక్షరం వాడసాగాడు. నవంబరు 11న ఆయన తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు. రెండు రాశుల లబ్ధంలో వచ్చే తేడా, ఆ రెండింటి తేడాల లబ్ధం ఒకటేనా? ఒకటే అయితే ఎంత సుఖం! అందుకే పరీక్షకు దిగాడు. కావని తేలింది. సరైన నియమాన్ని స్పష్టంగా రాసుకునేసరికి 1677 జులై వచ్చింది. అంటే అంతటి మేధావికి ఇరవై నెలలు పట్టింది.

ఎందుకు కావో మనమూ చూద్దాం. మీ పెరట్లో 10 గజాల పొడవు, 6 గజాల వెడల్పు ఉన్న కూరమడి ఉందనుకోండి. వైశాల్యం 60 చదరపు గజాలు. పొడవునూ వెడల్పునూ గజంలో పదో వంతు చొప్పున పెంచారు. ఇప్పుడు 10.1ని 6.1తో గుణిస్తే 61.61. పెరిగింది 1.61. అది ఎక్కడినుంచి వచ్చింది? పొడవు వెంబడి వేసిన పట్టీ 1, వెడల్పు వెంబడి వేసిన పట్టీ 0.6, మూలన మిగిలిన చిన్న గడి 0.01. తేడాలను గుణిస్తే వచ్చేది ఆ మూల గడి మాత్రమే! పెంపు చిన్నదయ్యేకొద్దీ ఆ గడి లెక్కలోకి రానంతగా కుంచించుకుపోతుంది. మిగిలేవి రెండు పట్టీలు. అందుకే లబ్ధ నియమంలో రెండు భాగాలుంటాయి: మొదటిది ఇంటూ రెండోదాని మార్పు, ప్లస్ రెండోది ఇంటూ మొదటిదాని మార్పు.

1684 అక్టోబరులో, 38 ఏళ్ళ వయసులో, లైప్‌జిగ్ నుంచి వచ్చే ఒక విద్వత్ పత్రికలో లైబ్నిజ్ ఈ నియమాలను అచ్చువేయించాడు. వ్యాసం ఆరేడు పేజీలే. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ముఖ్యమైన నియమాలు అందులో ఉన్నాయి. మారని సంఖ్యకు డెరివేటివ్ సున్నా. కూడికలకు, తీసివేతలకు విడివిడిగా చేసి కలుపుకోవచ్చు. ఘాతం ఉంటే దాన్ని ముందుకు తెచ్చి గుణించి, పైన ఒకటి తగ్గించాలి. ఎక్స్ క్యూబ్‌కు 3 ఎక్స్ స్క్వేర్ వచ్చేది అలాగే. భాగహారమైతే, కింది దానితో పైదాని మార్పును గుణించి, అందులోంచి పైదానితో కింది దాని మార్పును గుణించి తీసేసి, వచ్చినదాన్ని కింది దాని వర్గంతో భాగించాలి. నమ్మకం కుదరకపోతే ఎక్స్ క్యూబ్‌ను ఎక్స్‌తో భాగించి చూడండి. ఈ నియమంతో చేసినా, ముందే ఎక్స్ స్క్వేర్ అని కొట్టివేసి చేసినా 2 ఎక్స్ వస్తుంది.

ఆయన గుర్తుల గొప్పతనం గొలుసు నియమంలో తెలుస్తుంది. మీ నాన్నగారి కారు గంటకు 2 గాలన్ల పెట్రోలు తాగుతూ, గాలనుకు 30 మైళ్ళు పోతోందనుకోండి. వేగం గంటకు 60 మైళ్ళని గుణించి చెప్పేస్తారు. డీ వై బై డీ ఎక్స్ అనే లైబ్నిజ్ రాతలో మధ్యనున్న గాలను కొట్టివేసినట్టే కనబడుతుంది. మంచి గుర్తు మనిషి ఆలోచనలో సగం బరువు మోస్తుందని ఆయన నమ్మకం.

ఆ వ్యాసంలో నియమాలున్నాయి కానీ నిరూపణలు లేవు. స్విట్జర్లాండులోని బాజెల్‌లో యాకోబ్, యోహాన్ బెర్నూలీ అన్నదమ్ములు కష్టపడి దాన్ని అర్థం చేసుకుని ఇతరులకు నేర్పారు. 1696లో ఫ్రాన్సుకు చెందిన లోపితాల్ దీని మీద మొదటి పాఠ్యపుస్తకం తెచ్చాడు.

ఇక్కడినుంచి కథలో కష్టం మొదలవుతుంది. ఇంగ్లండులో న్యూటన్ 1665, 66లలోనే తన దారిలో ఇదే విద్య కనుక్కున్నాడు, కానీ అచ్చువేయలేదు. లైబ్నిజ్ 1676లో లండన్‌లో న్యూటన్ రాతప్రతి ఒకటి చూసిన మాట నిజం. దాంతో లైబ్నిజ్ దొంగిలించాడన్న నింద పుట్టింది. ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఫిర్యాదు చేసుకుంటే, 1712లో వారు ఒక సంఘాన్ని వేశారు. తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. అప్పటి సొసైటీ అధ్యక్షుడు న్యూటనే. ఆ నివేదిక తయారీ వెనుక ఉన్నదీ ఆయనేనని తరవాత బయటపడింది.

1714లో లైబ్నిజ్ కొలువు చేసిన హానోవర్ ప్రభువు ఇంగ్లండుకు రాజయ్యాడు. లైబ్నిజ్‌ను మాత్రం రాజవంశ చరిత్ర పూర్తిచేయమని హానోవర్‌లోనే వదిలి వెళ్ళాడు. కీళ్ళవాతంతో బాధపడుతూ 1716 నవంబరు 14న, 70వ ఏట ఆయన కన్నుమూశాడు. అంత్యక్రియలకు కొలువు నుంచి పెద్దలెవరూ రాలేదు. ఏభై ఏళ్ళకు పైగా ఆ సమాధి మీద పేరైనా లేదు.

మరి ఆ నింద ఎలా తొలగింది? ఆయన దాచుకున్న కాగితాల వల్లే. హానోవర్ గ్రంథాలయంలో దాదాపు రెండు లక్షల పుటలు మిగిలాయి. వాటిలో 1675 నాటి ఆ కాగితాలూ ఉన్నాయి. ఎవరి దగ్గరో కాపీ కొట్టినవాడి పుస్తకంలో సరైన జవాబే ఉంటుంది. సొంతంగా వెతుక్కునేవాడి కాగితంలో సందేహాలు, కొట్టివేతలు ఉంటాయి. న్యూటన్, లైబ్నిజ్ ఇద్దరూ ఎవరికి వారే కనుక్కున్నారని ఈనాటి చరిత్రకారులు ఒప్పుకుంటారు. ఇంగ్లండు వారు పంతంగా న్యూటన్ చుక్కల రాతనే పట్టుకుని వందేళ్ళు వెనకబడ్డారు. చివరికి 1812లో కేంబ్రిడ్జిలో బాబేజ్ వంటి కుర్రవాళ్ళు సంఘం పెట్టుకుని మరీ లైబ్నిజ్ గుర్తులను తెచ్చుకున్నారు.

చివరిగా మన బడికి సంబంధించిన మాట. లైబ్నిజ్ పండితుల కోసం లాటిన్‌లో, కొలువుల కోసం ఫ్రెంచిలో రాశాడు. అయినా తన జర్మన్ భాషలో పనివాళ్ళ మాటలు, గనుల మాటలు పుష్కలంగా ఉన్నాయనీ, శాస్త్రాల మాటలు కూడా పెంచుకుని అందులో చదువుకోవాలనీ జర్మన్‌లోనే రాసి తనవాళ్ళకు చెప్పాడు. మన ఇళ్ళలో తెలుగు మీడియంలో ఇంటర్మీడియట్ చదివిన అమ్మలు, నాన్నలు ఉన్నారు. ప్రమేయం, అవధి, అవకలనం అనే మాటలు వాళ్ళకు కొత్త కాదు. ఈ వారం లెక్క తప్పితే చెరిపేయకుండా ఆ కాగితం తీసుకెళ్ళి వాళ్ళకు చూపించండి. తప్పు ఎక్కడ జరిగిందో తెలుగులో చెప్పమనండి. ఒత్తులు తప్పుతున్న చిన్న తరగతి పిల్లలూ మీ పాత నోటుపుస్తకాలు పారేయకండి. మీరు సొంతంగా నేర్చుకున్నారనడానికి అవే సాక్ష్యం.