న్యాయవేత్తయైన రాయబారి : సర్ బెనెగళ్ నర్సింగరావు

భారత రాజ్యాంగసభకు సలహాదారుగా సర్ బెనెగళ్ నర్సింగరావుగారు విద్వల్లోకమునకు సుపరిచితులు. జీవితపు తుదియేండ్లలో ఆయన ఐక్యరాజ్యసమితియందు నెరపిన దౌత్యము మాత్రము అంతగా స్మరింపబడుట లేదు.

1887వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన మంగళూరున జన్మించిన రావుగారు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలయందు సంస్కృతమును, కేంబ్రిడ్జియందు గణితమును అభ్యసించి ఐ.సి.ఎస్. పదవిని పొందిరి. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తులైరి. 1941లో ఏర్పడి 1944లో పునరుద్ధరింపబడిన హిందూ లా సంఘమునకు అధ్యక్షత వహించిరి. మితాక్షర, దాయభాగములను అనుసరించు భిన్నసంప్రదాయములకు ఏకరూపమైన శాసనమును కూర్చుట ఆ సంఘము చేపట్టిన కార్యము. విరుద్ధపక్షములను సమన్వయించు నేర్పు ఆయనకు ఇట్టి కృషివలన మరింత దృఢపడినది.

ఆ నేర్పునకు కఠినపరీక్ష 1950 జూనులో ఎదురయ్యెను. ఆ మాసమున భద్రతామండలి అధ్యక్షత వంతుచొప్పున భారతదేశమునకు రాగా, రావుగారు అధ్యక్షపీఠము నలంకరించిరి. 25వ తేదీన కొరియా యుద్ధము ఆరంభమయ్యెను. ఉత్తరకొరియా సేనలు వెనుకకు మరలవలెనను తీర్మానమును భారతదేశము నాడే సమర్థించినది. 27వ తేదీన దక్షిణకొరియాకు సాయము చేయుమను రెండవ తీర్మానము వచ్చినపుడు ప్రభుత్వాదేశము ఇంకను అందకపోవుటచే రావుగారు ఓటింగున పాల్గొనలేదు. రెండుదినముల పిదప భారతదేశము దాని నంగీకరించినది. తొందరపెట్టు పరిస్థితియందును రాయబారి తన అధికారపరిధిని దాటరాదను నియమమును ఆయన పాటించిరి.

ఆ డిసెంబరులో యుద్ధవిరామమునకై సర్వప్రతినిధిసభ మువ్వురితో ఒక సంఘమును నియమించెను. ఇరాను ప్రతినిధి, సభాధ్యక్షుడునైన ఎంతెజామ్, కెనడాకు చెందిన పియర్సన్, రావుగారు అందలి సభ్యులు. విదేశసేనల ఉపసంహరణము, రాజకీయపరిష్కారము లేని విరామమును చైనా అంగీకరింపలేదు. సంఘము విఫలమైనది. 1951 ఫిబ్రవరి 1వ తేదీన చైనాను దురాక్రమణకారిగా నిర్ణయించు తీర్మానము సభముందునకు రాగా, సంధిమార్గము మూసికొనిపోవునని తలచిన భారతదేశము దానికి వ్యతిరేకముగా ఓటు వేసినది. తీర్మానము మాత్రము నెగ్గెను.

1952లో రావుగారు హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమున న్యాయమూర్తిపదవిని స్వీకరించిరి. కొరియాలో 1953 జూలై 27వ తేదీన యుద్ధవిరామసంధి కుదిరెను. ఆ సంవత్సరమే నవంబరు 30వ తేదీన ఆయన జూరిచ్ నగరమున దివంగతులైరి.

మువ్వురి సంఘము తలపెట్టిన విరామము రెండున్నరయేండ్లకుగాని సిద్ధింపలేదు. ఆ నడుమ నశించిన ప్రాణములు లక్షలసంఖ్యలోనివి. మధ్యస్థుని మాట చెల్లనంతమాత్రమున అది వ్యర్థము కాదనుటకు రావుగారి చరిత్రము నిదర్శనము.