బడిపిల్లల జాకిర్ సాహెబ్

డాక్టర్ జాకిర్ హుసేన్ అనగానే మనలో చాలామందికి రాష్ట్రపతి భవన్ గుర్తుకొస్తుంది. 1967లో ఆ పదవి చేపట్టిన తొలి ముస్లిం ఆయన. అయితే మేమిక్కడ చెప్పదలచింది ఆ రెండేళ్ళ పదవి గురించి కాదు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళపాటు ఆయన ఒక పేద విద్యాలయాన్ని నడిపారు. పది, పన్నెండేళ్ళ పిల్లలకు చదువు ఎలా చెప్పాలన్న ప్రశ్నతో ఆ కాలమంతా గడిపారు. బిడ్డల చదువు కోసం తపించే ఇళ్ళలో తెలుసుకోవలసింది ఈ భాగమే.

ఆయన 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ వకీలు. పదేళ్ళ వయసులో తండ్రి నీడ తొలగిపోయింది. కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని స్వస్థలం ఖాయంగంజ్ చేరాక, 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో, ఆ తర్వాత అలీగఢ్‌లో చదివారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు విని కళాశాల వదిలి, జామియా మిల్లియా ఇస్లామియా స్థాపనలో పాలుపంచుకున్నారు. ఆ తర్వాత బెర్లిన్ వెళ్ళి అర్థశాస్త్రంలో డాక్టరేట్ సంపాదించారు.

1926లో తిరిగొచ్చేసరికి జామియా మూతపడే స్థితిలో ఉంది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారింది, విరాళాలు ఆగిపోయాయి. ఆయన చదువుకు ఎక్కడైనా పెద్ద జీతమే దొరికేది. కాని నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్ళు సేవ చేస్తామని ఆయనా, సహచరులూ ప్రతిజ్ఞ చేశారు. ఆ కొద్దిపాటి జీతమైనా ప్రతి నెలా చేతికందేది కాదు.

విశ్వవిద్యాలయ స్థాయి సంస్థకు అధిపతి అయినా ఆయన మనసు చిన్న తరగతుల చుట్టూనే తిరిగేది. జామియా పాఠశాలలో పిల్లలే చిన్న బ్యాంకు, దుకాణం నడిపేవారు. ఖాతా రాయాలంటే అక్షరం రావాలి, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే భూగోళం తెలియాలి. పిల్లలు ఇష్టంగా చదువుకోవడానికి ఉర్దూలో సులువైన పుస్తకాలు లేవని గ్రహించి, తానే కథలు రాశారు. ‘అబ్బూఖాన్ మేక’ కథ ఉర్దూ ఇళ్ళలో నేటికీ వినిపిస్తుంది.

ఒకసారి చిన్నపిల్లల కార్యక్రమంలో మిఠాయిలు పంచుతుండగా, ఇంట్లో జబ్బుతో ఉన్న తన చిన్నారి కూతురు రెహానా చనిపోయిందని ఒకరు వచ్చి చెవిలో చెప్పారట. పిల్లల సంతోషం చెడకూడదని ఆయన పంపకం పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదని సహచరులు చెప్పారు. ఆయన పిల్లల కథలు ‘రుఖయ్యా రెహానా’ అనే పేరుతో అచ్చయ్యాయి.

1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సదస్సు, ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల పాఠ్యప్రణాళిక తయారీని జాకిర్ హుసేన్ కమిటీకి అప్పగించింది. చదువు మాతృభాషలోనే సాగాలని ఆ కమిటీ కోరింది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రాలను విడదీయక సాంఘిక శాస్త్రంగా ఒకేచోట చెప్పాలంది. రాజుల పట్టికతో కాక తన ఇల్లు, తన ఊరితో పిల్లవాడి పాఠం మొదలవ్వాలి. అయితే అయిదున్నర గంటల బడిలో చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు కేటాయించి, మాతృభాషకు 40 నిమిషాలే మిగిల్చారు. మా దృష్టిలో అది చదువుకు చాలా తక్కువ.

ముస్లిం లీగ్ ఈ పథకాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. అందులో ధార్మిక బోధ లేదన్నది ఒక ఆక్షేపణ. ఆ ఆందోళన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. కాని దాన్ని రూపొందించిన వ్యక్తి తన సొంత విద్యాలయంలో ధార్మిక విద్యకు చోటిచ్చినవారే. అన్ని మతాల పిల్లలు కూర్చునే సర్కారు బడి వేరు, జామియా వేరు అన్న తేడా ఆయనకు తెలుసు. అటు కొందరు కాంగ్రెస్ మనిషి అన్నారు, ఇటు కొందరు ముస్లిం సంస్థకే పరిమితమన్నారు. ఆయన ఎవరికీ ఘాటుగా బదులివ్వక బడి పనిలో పడ్డారు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయం, తర్వాత బీహార్ గవర్నరు పదవి, ఉపరాష్ట్రపతి పదవి వరుసగా వచ్చాయి. 1963లో భారతరత్న లభించింది. 1969 మే 3న రాష్ట్రపతిగా ఉండగానే కన్నుమూశారు. ఆయన సమాధి ఢిల్లీలో, ఆ జామియా ఆవరణలోనే ఉంది.