గోడ మీద ఒక్క బొమ్మ: వడ్డాది పాపయ్య గారి బాల్యం



మీలో చాలామంది ఇళ్లలో ఒకప్పుడు ‘చందమామ’ చదివేవారు కదా! ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. కథ మర్చిపోయినా అట్ట మీది బొమ్మ గుర్తుందంటారు. అలాంటి ఎన్నో బొమ్మల మీద ‘వ.పా.’ అని ఒక చిన్న సంతకం ఉండేది. అది వడ్డాది పాపయ్య గారిది. సెప్టెంబర్‌లో ఆయన పుట్టినరోజు.

పాపయ్య గారు 1921 సెప్టెంబర్ 10న శ్రీకాకుళంలో పుట్టారు. ఆయన ఏ ఆర్ట్ కాలేజీలోనూ చిత్రకళ నేర్చుకోలేదు. మరి అంత గొప్ప కళ ఎక్కడి నుంచి వచ్చింది? ఇంట్లో నుంచే. తండ్రి రామ్మూర్తి గారు డ్రాయింగ్ మాస్టారు. బొమ్మలు వేయడం ఆ పిల్లవాడికి ఇంట్లో రోజూ కనిపించే పని.

ఆ ఇంట్లో రవివర్మ వేసిన కోదండరాముడి పటం ఉండేది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి తన చిత్రాలను అచ్చు వేయించారు. అలా రాజుల కోటల్లో ఉండే బొమ్మలు మామూలు ఇళ్ల గోడల మీదికి వచ్చాయి. ఆ రాముడిని చూసి చూసి, ఐదేళ్ల పాపయ్య తానే ఆ బొమ్మ వేశాడట. ఆయన చిత్రకళకు అదే మొదలు.

తర్వాత ‘చందమామ’, ‘యువ’ పత్రికలకు ఏళ్ల తరబడి బొమ్మలు వేశారు. పురాణ కథలు, ఋతువులు, పల్లెటూరి స్త్రీలు, పూలు, పక్షులు ఆయన రంగుల్లో ఇంటింటికీ చేరాయి. పత్రికలు మద్రాసులో అచ్చయినా, ఆయన మాత్రం అనకాపల్లి దగ్గర కశింకోటలో చాలాకాలం నిరాడంబరంగా జీవించారు. 1992 డిసెంబర్ 30న కన్నుమూశారు.

ఇది చదువుతుంటే నాకు ఒక సంగతి గుర్తొచ్చి బాధేసింది. పోయిన సంవత్సరం నా క్లాసులో ఒక బాబు ఇంగ్లీష్ నోట్‌బుక్ చివరి పేజీలో నిజాంసాగర్ గేట్లు, దూకుతున్న నీళ్లు వేశాడు. హోంవర్క్ కాలేదని కోప్పడ్డాను. ఆ బొమ్మను సరిగ్గా చూడను కూడా లేదు. ఆ తర్వాత వాడు నాకు ఏ బొమ్మా చూపించలేదు.

మార్కులు కావాలి, కాదనను. కానీ పాపయ్య గారికి దొరికినవి పెద్ద ఖర్చుతో వచ్చినవి కావు: గోడ మీద ఒక పటం, బొమ్మలు వేసే నాన్న, చూడడానికి తీరిక. మన పిల్లలకూ చుట్టూ చాలా ఉంది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే స్కూల్ బస్సు కిటికీలో రోజూ పొలాలు, చెరువులు కనిపిస్తాయి. బతుకమ్మకు గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పక్కన వరుసగా పేర్చడం కంటే మంచి రంగుల పాఠం ఏముంటుంది? బస్సులో ఫోన్ చేతిలో ఉంటే ఇవేవీ కనిపించవు.

అందుకే ఈ నెల మీకు ఒక చిన్న హోంవర్క్. మీ పిల్లల నోట్‌బుక్ చివరి పేజీ ఒకసారి తెరవండి. అక్కడ బొమ్మ ఉంటే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని, అది ఏమిటో అడగండి. నేనూ ఈ సంవత్సరం అదే చేస్తున్నాను.